నాన్నగారి మూడు చక్రాల హోండా: ఇంజిన్ నడవాలి, బొట్టు చెరగకూడదు

ప్రశ్న: మా నాన్నగారు డాక్టరు. 1970ల చివర్లో ఒహాయోలో ఓ పల్లెటూరికి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. 1981లో, తన దగ్గర వైద్యం చేయించుకునే ఓ రైతు అమ్ముతుంటే హోండా ఏటీసీ 90 అనే మూడు చక్రాల బండి కొన్నారు. 1978 మోడల్. మంచు పడ్డప్పుడు రోడ్డు మీది పోస్టు డబ్బా దాకా వెళ్లడానికీ, పెరట్లో కట్టెలు లాగడానికీ వాడేవారు. కొన్న రోజే అమ్మ మూడు చక్రాల కింద మూడు నిమ్మకాయలు పెట్టి పూజ చేసింది. ముందు మడ్‌గార్డు మీద ఆ రోజు పెట్టిన కుంకుమ బొట్టు మరక ఇప్పటికీ కనిపిస్తుంది. నాన్నగారు పోయి నాలుగేళ్లయింది. బండి ఇరవై రెండేళ్లుగా గరాజులోంచి కదల్లేదు. పూర్తిగా విప్పి, రంగులేయించి, కొత్తదానిలా చేయిద్దామని తమ్ముడు అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. పదమూడేళ్ల మా అబ్బాయేమో తాతయ్య బండి నేనే నడుపుతానని కూర్చున్నాడు. దీన్ని మళ్లీ స్టార్ట్ చేయవచ్చా? రంగు వేయించాలా? పిల్లాడికి ఇవ్వవచ్చా?
ఓ పాఠకురాలు, ఒహాయో

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఈ ఉత్తరం చదివేలోగా ఎవరూ ఆ స్టార్టర్ తాడు లాగకుండా చూడండి. ఇరవై రెండేళ్లు ఆగిన ఇంజిన్‌లో సిలిండర్ గోడలకు నూనె పొర మిగలదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు తుప్పుకు అతుక్కుని ఉండవచ్చు. ఆ స్థితిలో బలంగా లాగితే గోడలు గీసుకుపోతాయి, లేదా రింగు విరుగుతుంది. ఓపికగా చేస్తే రెండు మూడు వారాంతాల్లో అయ్యే పని, ఒక్క లాగుడుతో ఇంజిన్ మొత్తం విప్పాల్సిన పని అయిపోతుంది.

మీ మూడు ప్రశ్నలకూ ముందు పొట్టిగా చెబుతాను. స్టార్ట్ చేయవచ్చు, చేయాలి కూడా. రంగు వేయించవద్దు. అబ్బాయికి నడపడానికి ఇవ్వవద్దు, బాగుచేసే పనిలో మాత్రం తప్పకుండా చేర్చుకోండి. ఇక వివరాల్లోకి వెళదాం.

మీ ఇంట్లో ఉన్నది ఏమిటో తెలిస్తే దాన్ని ఎలా చూసుకోవాలో కూడా తెలుస్తుంది. చలికాలంలో మోటార్‌సైకిళ్లు అమ్ముడుపోక అమెరికాలోని హోండా డీలర్లు ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. ఆ నెలల్లో అమ్ముకోవడానికి ఏదైనా కావాలని 1967లో అమెరికన్ హోండా అడిగితే, ఒసాము తకెయుచి అనే ఇంజనీరు బృందం ఈ బండిని తయారు చేసింది. 1970లో యూఎస్ 90 అన్న పేరుతో 595 డాలర్లకు అమ్మకానికి వచ్చింది, తర్వాత ఏటీసీ 90 అయింది. ఇందులో స్ప్రింగులు లేవు, షాక్ అబ్జార్బర్లు లేవు. గతుకులన్నీ మింగేది ఆ బుడగల్లాంటి టైర్లే. ఇంజిన్ 89 సీసీ, నాలుగు స్ట్రోకులది. సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. చేతి క్లచ్ లేదు, గేరు మార్చినప్పుడు క్లచ్ తనంతట తానే పడుతుంది.

ఆ ఇంజిన్‌ది మనవాళ్లకు బాగా తెలిసిన వంశమే. 1985 నుంచి మన ఊళ్లలో తిరిగిన హీరో హోండా సీడీ 100 ఇంజిన్ కూడా ఇదే పడుకున్న సిలిండర్ కుటుంబం. సీడీ 100 ట్యాపెట్లు, అంటే వాల్వుల ఖాళీ, సెట్ చేసిన మెకానిక్ మీకు చుట్టాల్లో ఉంటే వీడియో కాల్‌లో చూపించండి, చూడగానే గుర్తుపడతాడు. అలాగని అక్కడి నుంచి పిస్టన్, గాస్కెట్లు (నూనె కారకుండా భాగాల మధ్య వేసే పలచటి పొరలు) తెప్పించుకోవద్దు. చూపుకు ఒకటే అయినా కొలతలు వేరు. ఈ బండికి సరిపోయే భాగాలు హోండా సీటీ 90 అనే ట్రయిల్ బైకువి కొన్ని ఉన్నాయి. ఏది కొన్నా పార్ట్ నంబరు పోల్చుకుని కొనండి.

పని మొదలుపెట్టే ముందు ఫోటోలు తీయండి. ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు, ప్రతి స్టిక్కరు, ప్రతి వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో, కేబుళ్లు హ్యాండిల్ చుట్టూ ఎటు తిరిగాయో, అన్నీ. ముందు గాలి గొట్టం, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ఇన్నేళ్లు గరాజులో ఉన్న బండిలో ఎలుకల గూడు ఉండే అవకాశం చాలా ఎక్కువ. దాన్ని పొడిగా ఊడ్చవద్దు, గాలి కొట్టి ఊదవద్దు. అమెరికా పల్లెల్లో ఎలుకల మలం దుమ్ము ద్వారా హంటావైరస్ సోకే ప్రమాదం ఉంది. చేతులకు గ్లవ్స్ వేసుకుని, గరాజు తలుపు తెరిచి, ఒక వంతు బ్లీచి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి గూడు మీద తడిసేలా చల్లి, అయిదు నిమిషాలు ఆగి, కాగితపు తువ్వాలుతో ఎత్తి పారేయండి. ఆ బ్లీచి నీళ్లు రంగు మీదా, మడ్‌గార్డు మీదా పడనివ్వవద్దు.

ఇక ఇంజిన్. స్పార్క్ ప్లగ్ చుట్టూ ఉన్న మట్టి ముందు బ్రష్‌తో తుడిచాకే ప్లగ్ విప్పండి, లేకపోతే ఆ మట్టి సిలిండర్‌లోకి జారుతుంది. ఆ రంధ్రంలోంచి ఒక చెంచా, అంటే సుమారు 5 మి.లీ., ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పోయండి. సిలిండర్ పడుకుని ఉంటుంది కాబట్టి నూనె కింది వైపే చేరుతుంది. అందుకని బండి ముందు చక్రాన్ని ఒక ఇటుక ఎత్తున లేపితే నూనె పిస్టన్ దాకా వెళుతుంది. రెండు రోజులు అలా ఉంచండి. తర్వాత ప్లగ్ లేకుండానే, గేరు న్యూట్రల్‌లో పెట్టి, తాడును మెల్లగా, బావిలోంచి నిండు బొక్కెన తోడుతున్నంత నిదానంగా లాగండి. కదిలితే సరే. కదలకపోతే అదే ఆయిల్‌ను అసిటోన్‌తో సగం సగం కలిపి పోసి వారం ఆగండి, నిప్పు దగ్గర్లో లేకుండా చూసుకోండి. సుత్తితో కొట్టడం, గేరులో వేసి కారుతో లాగించడం మాత్రం వద్దు. ఇన్ని రోజులు నానినా కదలకపోతే హెడ్ విప్పించడమే దారి. తాడే పెళుసుబారి ఉంటే ముందు దాన్ని మార్పించండి. స్టార్టర్ డబ్బాలో చుట్టి ఉన్న స్ప్రింగు వదులైతే కత్తిలా ఎగిరి వస్తుంది. ఆ పని మొదటిసారి చేసేవాళ్లది కాదు.

పిస్టన్ కదిలాక ఇంజిన్ ఆయిల్ మార్చండి. పాతది ఒక డబ్బాలోకి వంచి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్‌లోంచి కారిందని అర్థం. కాఫీలో పాలు కలిసినట్టు ఉంటే నీళ్లు చేరాయి. కొత్తది 10డబ్ల్యూ-40, మోటార్‌సైకిళ్ల కోసం చేసినదే, డబ్బా మీద జాసో ఎంఏ గుర్తు ఉన్నది కొనండి. క్లచ్ కూడా అదే నూనెలో తిరుగుతుంది కాబట్టి కార్లకు వాడే, ఇంధనం ఆదా చేస్తుందని రాసి ఉన్న నూనె పోస్తే క్లచ్ జారుతుంది. లీటరు డబ్బా కొంటే చాలు, అంతా పట్టదు. కొద్దికొద్దిగా పోస్తూ కొలపుల్లతో చూడండి. కొలిచేటప్పుడు పుల్లను మర తిప్పి బిగించకూడదు, ఊరికే ఆనించి తీయాలి. బిగించి కొలిస్తే నూనె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, మీరు తక్కువ పోస్తారు. కుడివైపు మూత లోపల జల్లెడ, నూనెలోని మడ్డిని విసిరి పట్టుకునే గిన్నె ఉంటాయి. నలభై అయిదేళ్ల మడ్డి అందులో నల్లటి లేహ్యంలా గట్టిపడి ఉంటుంది. మూత గాస్కెట్ ముందే తెప్పించుకుని, ఆ మూత ఒకసారి తీసి శుభ్రం చేయించడం మంచిది.

పెట్రోలు ట్యాంకుకు అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే ఇనుము, లేకపోతే ప్లాస్టిక్. పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంది. దాన్ని డబ్బాలో పట్టి మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి, నేల మీద పోయకండి. ప్లాస్టిక్ ట్యాంకు అయితే సబ్బు నీళ్లతో కడిగి రెండు రోజులు బాగా ఆరబెడితే చాలు. ఇనుపదైతే లోపల టార్చి వేసి చూడండి. తుప్పు ఉంటే మామూలు తెల్ల వెనిగర్ నిండా పోసి ఒకటి రెండు రోజులు ఉంచి, ఖాళీ చేసి, లీటరు నీళ్లకు రెండు చెంచాల వంటసోడా కలిపి కడిగి, వెంటనే ఆరబెట్టి, లోపల కాస్త నూనె తిప్పండి. వెనిగర్ తీశాక సోడా మానేస్తే గంటల్లో మళ్లీ తుప్పు లేస్తుంది. ట్యాంకు లోపల పూత పూసే కిట్ల జోలికి వెళ్లకండి. సరిగ్గా అంటుకోని పూత నాలుగైదేళ్లకు పొరలుగా లేచి పెట్రోలు దారి మూస్తుంది, అప్పుడు దాన్ని తీయడం తుప్పు తీయడం కంటే కష్టం.

ఇలా ఆగిపోయిన బండ్లు స్టార్ట్ కాకపోవడానికి ఎక్కువసార్లు కారణం కార్బురేటరే. కింద ఉన్న గిన్నె విప్పితే పచ్చటి జిగురో, ఎండిన తేనెలాంటి పొరో కనిపిస్తుంది. అందులో రెండు ఇత్తడి జెట్లుంటాయి. పెద్దది మెయిన్ జెట్, దాని దారి సులభంగా తెరుచుకుంటుంది. చిన్నది పైలట్ జెట్. దాని రంధ్రం గుండుసూది మొన కంటే సన్నం, అదే మూసుకుపోతుంది. అది మూసుకున్న బండి చోక్ లాగితే స్టార్ట్ అవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, చుక్కలా వెలగాలి. పొడవడానికి కరెంటు వైరులోని ఒకే ఒక్క రాగి పోగు వాడండి. సూదులు, ఇనుప తీగలు, డ్రిల్లు వద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ పోయినట్టే. క్లీనర్ రబ్బరు మీద పడితే ఉబ్బిపోతుంది కాబట్టి ఓ-రింగులు, ఫ్లోటు ముందే తీసేయండి. కొత్త ఓ-రింగులు, ఫ్లోటు సూది, గిన్నె గాస్కెట్ వేయండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కొత్త కార్బురేటర్ కొని పెట్టేద్దామని తమ్ముడు అనవచ్చు. వాటిలో జెట్ల కొలతలు తరచూ సరిగా ఉండవు. బండితో వచ్చిన కెయ్‌హిన్ కార్బురేటర్ శుభ్రం చేసుకోవడమే నయం.

ఇక నిప్పురవ్వ. ప్లగ్ కొత్తది వేయండి, ఖాళీ 0.6 నుంచి 0.7 మి.మీ. సిలిండర్ హెడ్ చివర చిన్న గుండ్రటి మూత కింద పాయింట్లుంటాయి, రవ్వ రావలసిన క్షణంలో విడిపోయి కరెంటు తెంచేవి అవే. వాడకుండా ఉంటే వాటి మొనలకు బూడిదరంగు పొర పడుతుంది, ఆ పొర కరెంటును ఆపేస్తుంది. పాయింట్ల ఆకురాయితో ఒకటి రెండుసార్లు మాత్రమే గీసి, శుభ్రమైన అట్టముక్కను మధ్యలో పెట్టి లాగండి. అట్ట మీద నల్లగీత రాకుండా అయ్యేదాకా మళ్లీ మళ్లీ లాగాలి. ఈ చివరి పని మానేస్తే ఆకురాయి పొడే మళ్లీ అడ్డమవుతుంది. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఖాళీ 0.3 నుంచి 0.4 మి.మీ. ఉండాలి. పాయింట్ల మధ్య పెద్దపెద్ద నీలిరవ్వలు కనిపిస్తే, అక్కడ రవ్వను అణచే కండెన్సర్ పోయింది. అసలు రవ్వే లేకపోతే, ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్ కొనేముందు హ్యాండిల్ మీది ఇంజిన్ ఆపే స్విచ్ వైరు విప్పి చూడండి. ఎలుకలు ఆ వైరు తొడుగు కొరికితే అది ఫ్రేముకు తగిలి, ఎప్పుడూ ఆపేసినట్టే ఉంటుంది. దీనికి పది పైసల టేపు చాలు, చాలామంది వంద డాలర్ల భాగాలు కొంటారు.

ట్యాపెట్లు ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చూడాలి. హెడ్‌కు పైన ఒకటి, కింద ఒకటి గుండ్రటి మూతలుంటాయి. పైది పెట్రోలు గాలి లోపలికి వచ్చే వాల్వు, కిందది పొగ వెళ్లే వాల్వు. ఫ్లైవీల్ మీది టీ గుర్తు కేసు మీది గుర్తుకు ఎదురుగా వచ్చేలా తిప్పి, వాల్వులను నొక్కే రెండు రాకర్లూ చేత్తో కొద్దిగా కదులుతున్నాయో లేదో చూడండి. కదలకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. ఇది తప్పితే కొలతలన్నీ తప్పుతాయి. రెండిటికీ ఖాళీ 0.05 మి.మీ. ఫీలర్ గేజి (ఖాళీలు కొలిచే పలచటి రేకుల కట్ట)లోని ఆ మందం రేకు జారేటప్పుడు కొత్త నోటును పుస్తకంలోంచి లాగినంత పట్టు ఉండాలి. టైమింగు సరిగా ఉంటే ఎఫ్ గుర్తు ఎదురైన క్షణాన పాయింట్లు విడిపోవడం మొదలవుతుంది. పాయింట్ల ఖాళీ మార్చితే టైమింగు కూడా మారుతుంది కాబట్టి ముందు ఖాళీ, తర్వాత టైమింగు.

మొదటిసారి స్టార్ట్ చేసేది ఆరుబయట, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకుని. గరాజు తలుపు తెరిచినా సరే లోపల వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. కొత్త పెట్రోలు అర లీటరు మాత్రం పోయండి, ఇథనాల్ లేనిది దొరికితే అదే. పది నిమిషాలు ఎక్కడా కారడం లేదని చూశాక చోక్ వేసి, తాడు బిగువు తగిలేదాకా లాగి, అక్కణ్ణుంచి ఒక్క ఊపున లాగండి. మొదటి అయిదు నిమిషాలూ తెల్లపొగ వస్తుంది, మీరు పోసిన నూనే కాలుతోంది, కంగారు పడవద్దు. పది లాగుళ్లకీ అందుకోకపోతే ఆగి ప్లగ్ విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు, తడిగా ఉంటే రవ్వ లేదు. రెండూ బాగుండి కూడా అందుకోకపోతే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడి, కొలవండి. ఈ ఇంజిన్‌కు 150 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ప్రాంతంలో ఉండాలి. 100 కంటే తక్కువైతే వాల్వులో రింగులో కూర్చోవడం లేదు. ఒక చెంచా నూనె పోసి మళ్లీ కొలిస్తే అంకె బాగా పెరిగిందా, రింగులు. పెరగలేదా, వాల్వులు.

స్టార్ట్ అయ్యాక గేరు వేయగానే బండి ముందుకు దూకుతున్నా, ఇంజిన్ అరుస్తూ బండి కదలకపోయినా క్లచ్ సెట్టింగు చూడాలి. కుడి మూత మీద నట్టు, దాని మధ్యలో మరచీల ఉంటాయి. నట్టు వదులు చేసి, చీలను కుడివైపు ఒక చుట్టు తిప్పి, తర్వాత ఎడమవైపు బిగువు తగిలేదాకా తెచ్చి, అక్కణ్ణుంచి కుడికి చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి, చీల కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి. చాలామటుకు ఇంతతో సరిపోతుంది.

బ్రేకు విషయంలో ఒక హెచ్చరిక. ఈ బండికి ముందు బ్రేకు లేదు, వెనక ఇరుసు మీది ఒక్క డ్రమ్మే. ఆనాటి బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ము తీశాక దుమ్మును ఊదవద్దు, తడిగుడ్డతో తుడిచి గుడ్డతో సహా సంచిలో కట్టేయండి. సీళ్లు గట్టిపడితే నీళ్లు చేరి బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. షూలు, సీళ్లు రెండూ కొత్తవి వేయండి. వెనక చక్రాన్ని లేపి అటూ ఇటూ ఊపితే టక్కుమంటే ఇరుసు బేరింగులు పోయినట్టు.

టైర్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే స్ప్రింగులూ అవే, మలుపు తిప్పేవీ అవే. ఈ టైర్లలో ఉండాల్సిన గాలి సుమారు 2.2 పీఎస్ఐ. కారు టైరులో ఉండేదానిలో పదిహేనో వంతు. బండి మీద లేబుల్ మిగిలి ఉంటే దాని ప్రకారమే పెట్టండి. మామూలు గేజి ఇంత తక్కువ చూపించలేదు, 0 నుంచి 10 పీఎస్ఐ చూపే గేజి విడిగా కొనండి. పెట్రోలు బంకులో గాలి మిషను పెట్టారంటే రెండు సెకన్లలో 10 దాటిపోతుంది, పాత టైరు పగలవచ్చు. గాలి ఎక్కువైతే బండి బంతిలా ఎగురుతుంది. అంతకంటే ముఖ్యం, రెండు వెనక టైర్లూ సమానంగా ఉండాలి. ఇరుసు ఒకే కడ్డీ, డిఫరెన్షియల్ లేదు, రెండు చక్రాలూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఒకటి చిన్నదైతే బండి అటువైపే లాగుతుంది. దర్జీ టేపుతో ఒక్కో టైరు చుట్టుకొలత కొలవండి. 22 అంగుళాల టైరుకు సుమారు 175 సెం.మీ. వస్తుంది. రెండిటికీ తేడా ఉంటే గాలి కొద్దికొద్దిగా సరిచేసి సమానం చేయండి. పక్కగోడల్లో గోరు దిగేంత పగుళ్లుంటే ఆ టైర్లతో కదిలించవద్దు. పక్కగోడ మీది కొలత చదివి అదే కొలత కొత్తవి వేసి, పాతవి పారేయకుండా గరాజు అటక మీద దాచండి.

ఇక మీకూ తమ్ముడికీ మధ్య వచ్చిన మాట. నేను పూర్తిగా మీ పక్షం. తమ్ముడి కోరికలోనూ ప్రేమే ఉంది, కాదనను. కానీ ఇలాంటి బండి కొత్తదానిలా మెరవాలంటే మరొకరి దగ్గర మరొకటి కొనుక్కోవచ్చు. నాన్నగారి చేతులు అరగదీసిన గ్రిప్పులు, బూటు మడమ తోమిన ఫుట్‌రెస్టు, అమ్మ పెట్టిన బొట్టు, ఇవి కొనడానికి ఎక్కడా దొరకవు. అందుకని ఇద్దరూ కలిసి ఇలా గీత గీసుకోండి. అరిగేవి, కారేవి, మండేవి మార్చండి: పెట్రోలు గొట్టాలు, సీళ్లు, కేబుళ్లు, బ్రేకు షూలు, చైన్, టైర్లు. కంటికి కనిపించేవి, చేతికి తగిలేవి ఉంచండి: రంగు, మడ్‌గార్డులు, స్టిక్కర్లు, గ్రిప్పులు, సీటు. తీసిన ప్రతి పాత భాగాన్నీ తేదీ రాసిన సంచిలో పెట్టండి. ఎండకు వెలిసిన ప్లాస్టిక్‌ను హీట్ గన్‌తో మెరిపించే పద్ధతి చూసి మోజు పడవద్దు, పైపొర కరిగి పెళుసుబారుతుంది. తమ్ముడికి మెరుపే కావాలంటే చక్రాల నట్లు, చైన్, ఇంజిన్ మూతల మరలు అప్పగించండి, కావలసినంత తోముకోవచ్చు.

ఆ బొట్టు సంగతి ప్రత్యేకం. కుంకుమ అంటే సున్నం తగిలి ఎర్రబడిన పసుపు. పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది, క్షారం తగిలితే మారిపోతుంది. గోధుమరంగుకు తిరిగిన ఆ మరక ఇన్నాళ్లు నిలిచింది గరాజు చీకట్లో ఉండబట్టే. బట్టల సబ్బు, డీగ్రీజర్, వంటసోడా ఏవీ దాని దరికి రానివ్వవద్దు. ముందు నాణ్యమైన ఫోటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. బండి కడిగేటప్పుడు దాని చుట్టూ నాలుగు వేళ్ల మేర వదిలేసి, మిగతాది తడిగుడ్డతో తుడవండి, గొట్టంతో నీళ్లు కొట్టవద్దు. దాని మీద వార్నిష్, మైనం, టేపు కూడా వద్దు. ఏదైనా పూసేటప్పుడే ఆ పొడి లేచిపోతుంది. పైన తాకకుండా ఒక గుడ్డ తొడుగు వేసి ఉంచితే చాలు. ఇక మీరు దసరాకు పూజ చేస్తే కొత్త బొట్టు పాతదాని మీద పెట్టకండి, కొత్తది హ్యాండిల్ బిగించే ఇనుప పట్టీ మీద పెట్టండి.

దసరాను నేను కావాలనే తెచ్చాను. ఒహాయోలో అది చలి మొదలయ్యే ముందు వస్తుంది. ఏడాదికోసారి చేయాల్సిన పనులన్నిటికీ అదే సరైన రోజు. నెలనెలా రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలు కంటే చెడు ఎక్కువ. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక, పొగలోని నీటి ఆవిరి నూనెలోనూ సైలెన్సర్‌లోనూ మిగిలి తుప్పు పట్టిస్తుంది. దసరా రోజు పావుగంట పెరట్లో నెమ్మదిగా తిప్పి, వేడి మీదే ఆయిల్ మార్చి, పెట్రోలు కొళాయి కట్టేసి కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపండి. ఒకేచోట నిలబెట్టి పావుగంట నడపవద్దు, ఇది గాలికి చల్లబడే ఇంజిన్. తర్వాత ఫ్రేము కింద చెక్క దిమ్మలు పెట్టి టైర్లకు బరువు తప్పించి, పాత దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ పట్టా కింద తేమ చేరుతుంది. నీళ్లు కాగే హీటరు, ఫర్నెస్ ఉన్న గదిలో పెట్రోలుతో బండి ఉంచవద్దు.

ఇక మీ అబ్బాయి. మూడు చక్రాల బండ్లలో గాయాలు, మరణాలు పెరగడంతో 1987 డిసెంబరులో అమెరికా ప్రభుత్వానికీ తయారీ కంపెనీలకూ మధ్య ఒప్పందం కుదిరింది. 1988 ఏప్రిల్‌లో కోర్టు ఆమోదించింది. కొత్త మూడు చక్రాల ఏటీవీల, అంటే రోడ్డు లేని నేల మీద నడిపే ఇలాంటి బండ్ల, అమ్మకం అక్కడితో ఆగింది, 2008లో చట్టం కూడా దాన్ని నిషేధించింది. మీ దగ్గరున్నదాన్ని దాచుకోవడం నేరం కాదు. నడిపే చోటు, రిజిస్ట్రేషన్ గురించి మీ రాష్ట్ర నిబంధనలు, ఇంటి బీమా పత్రంలో ఇలాంటి బండికి మినహాయింపు ఉందేమో, రెండూ కనుక్కోండి. ఆ ఒప్పందంలో 90 సీసీ దాటినవి పదహారేళ్లకూ, 70 నుంచి 90 సీసీవి పన్నెండేళ్లకూ అని వయసు లెక్క ఉండేది. మీది 89 సీసీ కదా, అబ్బాయికి పదమూడు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పదహారు నిండనివాళ్లకు ఏటీవీలు వద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్పే మాటే ఇక్కడ పట్టుకోవాలి.

ఎందుకో చెబుతాను, అబ్బాయికీ ఇలాగే చెప్పండి. మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరగాలి. ఈ ఇరుసు ఆ వెసులుబాటు ఇవ్వదు. అందుకని నడిపేవాళ్లు ఒళ్లు మలుపు లోపలికి వాల్చి, బరువు మాత్రం బయటి ఫుట్‌రెస్టు మీద మోపి, లోపలి చక్రాన్ని కాస్త జారనివ్వాలి. అలా చేయకపోతే బండి తిన్నగా పోతుంది, లేదా ముందు ఒక్క చక్రమే కాబట్టి మలుపు బయటివైపు మూలకు బోల్తా పడుతుంది. సైకిలు అలవాటున్న పిల్లలు పడిపోతున్నామనిపించగానే కాలు నేలకు ఆనిస్తారు. ఆ కాలి మీదికి వెనక టైరు ఎక్కుతుంది, మనిషిని కిందికి లాగేస్తుంది. ఈ బండితో జరిగే పేరుమోసిన ప్రమాదం ఇదే. మీరైనా తమ్ముడైనా నడిపితే హెల్మెట్, చీలమండ దాటే బూట్లు, చదునైన గడ్డి నేల, మొదటి రెండు గేర్లు. వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు, ఫోటో కోసమైనా.

అబ్బాయిని మాత్రం పనిలో పెట్టండి. జెట్ రంధ్రం వెలుతురుకు పట్టి చూసే కళ్లు వాడివే మంచివి. టీ గుర్తు పట్టడం, టైరు చుట్టుకొలత రాయడం, ఏ రోజు ఏ భాగం మార్చారో నోటుపుస్తకంలో ఎక్కించడం వాడి బాధ్యత చేయండి. ఫీలర్ గేజిలో 0.05 రేకు అన్నిటికంటే పలచన, ఒక్కసారి మడతపడితే ఇక కొలతకు పనికిరాదు. అందుకని గేజిలు రెండు కొనండి, ఒకటి వాడికి.